కర్ణాటక సంగీత బోధనలో సాంకేతిక పరిజ్ఞానం

కర్ణాటక సంగీత బోధనలో సాంకేతిక పరిజ్ఞానం అనగా కర్ణాటక సంగీతాన్ని నేర్పడానికి, నేర్చుకోవడానికి, సాధన చేయడానికి ఉపయోగపడే యంత్రాలు, ప్రసార సాధనాలు, కంప్యూటరు సాఫ్టువేర్లు, అంతర్జాల సేవల సముదాయం. అచ్చు పుస్తకం, గ్రామఫోను, రేడియో, క్యాసెట్టు, ఎలక్ట్రానిక్ తంబుర, వీడియో పాఠాలు, సెల్‌ఫోను యాప్‌లు ఈ కోవలోనివి. కర్ణాటక సంగీతం ప్రధానంగా గురుముఖతః నేర్చుకొనే విద్య. గురువు పాడిన దానిని శిష్యుడు విని, తిరిగి పాడి, తప్పు దిద్దించుకొని ముందుకు సాగుతాడు. ఈ మూడింటిలో వినడాన్ని యంత్రాలు ఎంతో సులభం చేశాయి. పాడడానికి తోడుగా నిలిచాయి. దిద్దడం మాత్రం నేటికీ చాలావరకు గురువు చేతిలోనే ఉన్నది.

నేపథ్యం

కర్ణాటక సంగీతంలో ప్రాథమిక పాఠాలను 16వ శతాబ్దానికి చెందిన పురందరదాసు ఏర్పరచినట్లు సంప్రదాయం చెబుతుంది. విద్యార్థి మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలతో ప్రారంభించి గీతాలు, స్వరజతులు, వర్ణాలు, కృతులు వరుసగా నేర్చుకొంటాడు. ఈ క్రమం ఒకటే అయినా ఒక కృతిని పాడే తీరు గురుపరంపరను బట్టి మారుతుంది. దీనినే పాఠాంతరం అంటారు. స్వరాల మధ్య వచ్చే కదలికలైన గమకాలు రాగానికి ప్రాణం. వీటిని కాగితంపై పూర్తిగా చూపించడం కష్టం. అందువలన ఏ కొత్త సాధనం వచ్చినా, అది గమకాన్ని ఎంతవరకు పట్టుకొనగలదు, పాఠాంతరాన్ని ఎంతవరకు నిలుపగలదు అన్న ప్రశ్నలు తప్పక ఎదురవుతాయి.

చరిత్ర

అచ్చు, స్వరలిపి

సంగీత బోధనలోకి వచ్చిన తొలి యంత్రం అచ్చు యంత్రమని చెప్పవచ్చు. ఎ.ఎం.చిన్నస్వామి మొదలియారు 1893లో కర్ణాటక కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రచురించడం ప్రారంభించాడు. సుబ్బరామ దీక్షితులు రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయినది. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు ఇది ముఖ్యమైన ఆధారం. ఈ గ్రంథంలో కంపితం, స్ఫురితం, నొక్కు, జారు మొదలైన గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు వాడారు. తరువాత వచ్చిన చాలా పాఠ్యపుస్తకాలలో ఈ గుర్తులను వదిలివేసి స్వరాక్షరాలను మాత్రమే ముద్రించారు. అందుచేత నేడు వాడుకలో ఉన్న స్వరలిపి తెలిసిన పాటను గుర్తు చేసుకోవడానికి ఉపయోగపడుతుందే తప్ప, తెలియని పాటను దాని సహాయంతో మాత్రమే నేర్చుకోవడం సాధ్యం కాదు.

గ్రామఫోను

గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలైన వారి పాటలను రికార్డు చేశాడు. తరువాతి దశాబ్దాలలో దక్షిణాది విద్వాంసుల రికార్డులు కూడా విరివిగా వెలువడ్డాయి. వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు (1893-1964) వంటివారి వాదనం ఈ విధంగానే సభలకు రాలేని వారికి చేరినది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులో ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కొంచెం ఎక్కువ మాత్రమే పట్టేది. అందువలన కృతిని కుదించి, ఆలాపనను కొద్ది సెకన్లకు పరిమితం చేసి పాడవలసి వచ్చేది. రికార్డు విని నేర్చుకొన్నవారికి ఆ కుదించిన రూపమే ప్రమాణంగా నిలిచిన సందర్భాలున్నాయి. అయినప్పటికీ, గురువు ఎదుట లేకుండానే ఒకే పాటను ఎన్ని మార్లైనా అదే విధంగా వినగలగడం సంగీత విద్యార్థికి ఇదే మొదటిసారి.

ఆకాశవాణి

మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యాయి. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. రికార్డు కొనలేని ఇంటికి కూడా రేడియో శాస్త్రీయ సంగీతాన్ని చేర్చినది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారం చేసిన ‘సంగీత శిక్షణ’ కార్యక్రమంలో ఓలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసులు కృతులను పంక్తి పంక్తిగా పాడి నేర్పేవారు. కేంద్రంలో ఉన్న శిష్యులు తిరిగి పాడుతుంటే, శ్రోతలు ఇంటివద్ద వారితో గొంతు కలిపేవారు. గురువు శిష్యుల తప్పును దిద్దే తీరు కూడా ప్రసారంలో వినిపించడం ఈ పాఠాల ప్రత్యేకత. వీటి రికార్డింగులు నేటికీ అంతర్జాలంలో విద్యార్థులకు అందుబాటులో ఉన్నాయి.

క్యాసెట్టు

ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన కాంపాక్ట్ క్యాసెట్టు భారతదేశంలో 1980లలో విస్తారంగా వ్యాపించినది. అంతకుముందు విద్యార్థి ఇతరులు రికార్డు చేసినది వినేవాడు. క్యాసెట్టుతో తన గురువు చెప్పిన పాఠాన్ని తానే రికార్డు చేసుకోగలిగాడు. సంగీత బోధనలో ఇది పెద్ద మార్పు. గురువు ఒకసారి పాడిన సంగతిని ఇంటికి వెళ్ళి వందసార్లు వినవచ్చు. విదేశాలకు వెళ్ళిన తెలుగు కుటుంబాల పిల్లలకు స్వదేశం నుండి పాఠాలు క్యాసెట్ల రూపంలో వెళ్ళేవి. అయితే క్యాసెట్టు వేగం మారితే శ్రుతి కూడా మారుతుంది. వేగం సుమారు 6 శాతం తగ్గితే శ్రుతి అరమెట్టు, అనగా హార్మోనియంపై ఒక మెట్టు నుండి దాని ప్రక్కనున్న మెట్టుకు, దిగిపోతుంది. బ్యాటరీలు నీరసించిన టేపురికార్డరుతో సాధన చేసే విద్యార్థికి ఇది నిత్యం అనుభవమే.

శ్రుతి సాధనాలు

తంబుర

సంగీత సాధనకు శ్రుతి ఆధారం. నాలుగు తీగల తంబురను పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అనే క్రమంలో మీటుతారు. తంబుర గుర్రం వెడల్పుగా, కొద్దిగా వంపుగా ఉండి, తీగ క్రింద ఉంచిన దారం వలన నాదంలో అనేక అనుస్వరాలు పలుకుతాయి. భారతీయ తంత్రీ వాద్యాలలోని ఈ విశేషంపై సి.వి.రామన్ 1921లో పరిశోధనా పత్రం ప్రచురించాడు. బాగా శ్రుతి చేసిన తంబురలో మీటని అంతర గాంధారం కూడా వినిపిస్తుంది. దీనిని స్వయంభూ గాంధారం అంటారు. ఇది షడ్జం యొక్క అయిదవ అనుస్వరం.

ఎలక్ట్రానిక్ తంబుర

తంబురను శ్రుతి చేయడం కష్టం; ప్రయాణంలో మోయడం మరింత కష్టం. బెంగుళూరుకు చెందిన ఇంజనీరు, వేణువాద్య కళాకారుడు జి.రాజ్‌నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ శ్రుతి పరికరాన్ని రూపొందించాడు. ఆయన స్థాపించిన రాడెల్ సంస్థ ఎలక్ట్రానిక్ తంబుర, తాళ యంత్రాలు, డిజిటల్ వీణలను తయారుచేసినది. తొలినాటి పరికరాలు ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో నాదాన్ని పుట్టించేవి. తరువాతి కాలంలో నిజమైన తంబుర నాదాన్ని రికార్డు చేసి, మెమరీలో ఉంచి వినిపించే పద్ధతి వచ్చినది. ప్రస్తుతం ఇదే పని సెల్‌ఫోను యాప్‌లు చేస్తున్నాయి.

వాడుకలో శ్రుతిని హార్మోనియం మెట్ల లెక్కతో చెబుతారు. సాధారణంగా పురుషులు ఒకటి నుండి రెండు శ్రుతిలోను, స్త్రీలు అయిదు నుండి ఆరు శ్రుతిలోను పాడతారు. కొన్ని శ్రుతులకు మధ్యస్థాయి షడ్జం యొక్క సుమారు పౌనఃపున్యం ఈ క్రింది విధంగా ఉంటుంది.

* ఒకటి (పురుష గాత్రం) - 131 హెర్ట్జ్
* ఒకటిన్నర (పురుష గాత్రం) - 139 హెర్ట్జ్
* రెండు (పురుష గాత్రం) - 147 హెర్ట్జ్
* అయిదు (స్త్రీ గాత్రం) - 196 హెర్ట్జ్
* అయిదున్నర (స్త్రీ గాత్రం) - 208 హెర్ట్జ్
* ఆరు (స్త్రీ గాత్రం) - 220 హెర్ట్జ్

కీబోర్డుతో వచ్చే చిక్కు

ఎలక్ట్రానిక్ కీబోర్డులో స్థాయిని 12 సమభాగాలు చేస్తారు. ఒక్కొక్క భాగాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే స్థాయి మొత్తం 1200 సెంట్లు. తంబురతో కలిసే పంచమం 702 సెంట్లు కాగా కీబోర్డు పంచమం 700 సెంట్లు. ఈ తేడా చెవికి దాదాపు తెలియదు. కానీ తంబురలో పలికే అంతర గాంధారం 386 సెంట్లు కాగా కీబోర్డులో అది 400 సెంట్లు. ఈ 14 సెంట్ల తేడా శిక్షణ పొందిన చెవికి స్పష్టంగా తెలుస్తుంది. మాయామాళవగౌళలోను, శంకరాభరణంలోను ఉన్నది ఈ గాంధారమే. కనుక ప్రారంభ దశ నుండి కీబోర్డు ఆధారంగా స్వరాలు పాడిన విద్యార్థికి గాంధారం కొద్దిగా హెచ్చుగా పాడే అలవాటు ఏర్పడే అవకాశం ఉన్నది. అందువలన చాలామంది ఉపాధ్యాయులు స్వర సాధనకు కీబోర్డు బదులు తంబురనే సూచిస్తారు.

తాళ సాధనాలు

ఆది, రూపక, మిశ్రచాపు, ఖండచాపు తాళాలను కోరిన వేగంలో వినిపించే యంత్రాలు, యాప్‌లు ఉన్నాయి. కాలప్రమాణం పరుగెత్తకుండా, వెనుకబడకుండా నిలుపుకోవడం నేర్చుకొనే దశలో ఇవి ఉపయోగకరం. ఒకే వర్ణాన్ని రెండు, మూడు కాలాలలో సాధన చేసేటప్పుడు వీటి సహాయం స్పష్టంగా కనిపిస్తుంది. అయితే తాళాన్ని చేతితో వేస్తూ పాడడం కర్ణాటక సంగీత శిక్షణలో విడదీయరాని భాగం. యంత్రాన్ని మాత్రమే నమ్ముకొని చేయి ఆడించని విద్యార్థికి తాళం లోపలినుండి రాదు. ఎడుపు గల కృతులను, అనగా సమంలో కాక కొంత విడిచి ఎత్తుకొనే కృతులను, పాడేటప్పుడు ఈ లోపం బయటపడుతుంది.

కంప్యూటరు సాఫ్టువేర్లు

స్వరలిపి

తెలుగు స్వరలిపిలో తారస్థాయి స్వరానికి పైన, మంద్రస్థాయి స్వరానికి క్రింద చుక్క పెడతారు. దీర్ఘాన్ని సూచించడానికి కామా, సెమికోలన్, వేగాన్ని సూచించడానికి అక్షరాలపై గీతలు వాడతారు. యూనికోడులో తెలుగు అక్షరాలు మొదటి నుండి ఉన్నప్పటికీ, గుణింతాలున్న అక్షరాలపై ఈ చుక్కలు చాలా ఫాంట్లలో సరైన స్థానంలో కనిపించవు. ‘రి’, ‘ని’ అక్షరాలకు గుడి గుర్తు పైన ఉండడం వలన సమస్య మరింత ఎక్కువ. అందుచేత ఇప్పటికీ చాలామంది ఉపాధ్యాయులు చేతితో వ్రాసిన స్వరలిపిని ఫొటో తీసి శిష్యులకు పంపుతుంటారు.

ఎం.సుబ్రమణియన్ రూపొందించిన ‘గాయక’ అనే సాఫ్టువేరు కర్ణాటక స్వరలిపిని టైపు చేస్తే దానిని వాయించి వినిపిస్తుంది. గమకాలను కూడా సంకేతాలతో వివరంగా వ్రాయవలసి ఉంటుంది. ఒక్క పంక్తిలో ఎంత కదలిక దాగి ఉన్నదో ఈ ప్రయత్నంలో విద్యార్థికి అర్థమవుతుంది.

శబ్ద సంకలనం

2000లో విడుదలైన ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్టువేర్లతో రికార్డింగు వేగాన్ని శ్రుతి మారకుండా తగ్గించవచ్చు. క్యాసెట్టుతో సాధ్యం కానిది ఇదే. వేగంగా సాగే బిర్కాలను సగం వేగంలో విని అందులోని స్వరాలను విడదీసి తెలుసుకోవచ్చు. అలాగే వేరొక శ్రుతిలో ఉన్న రికార్డింగును తన శ్రుతికి మార్చుకొని దానితో కలిసి పాడవచ్చు.

2019లో వెలువడిన స్ప్లీటర్ వంటి సాఫ్టువేర్లు కచేరీ రికార్డింగు నుండి గాత్రాన్ని, వాద్యాలను వేరు చేయడానికి ప్రయత్నిస్తాయి. ఇవి ప్రధానంగా పాశ్చాత్య జనరంజక సంగీతంపై శిక్షణ పొందినవి. కర్ణాటక కచేరీలో వయొలిన్ గాత్రాన్ని నీడలా అనుసరిస్తుంది కనుక ఈ రెండింటినీ విడదీయడం వాటికి తేలిక కాదు.

స్వర విశ్లేషణ

గొంతు పౌనఃపున్యాన్ని క్షణక్షణం కొలిచి తెరపై గీతగా చూపే సాఫ్టువేర్లు ఉన్నాయి. ధ్వని తరంగం ఎంత కాలానికి ఒకసారి తనను తాను పోలి ఉంటుందో లెక్కించడం వీటిలోని మూల సూత్రం. 2002లో ప్రచురితమైన ‘యిన్’ అనే పద్ధతి ఈ రంగంలో ప్రసిద్ధమైనది. బార్సెలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా నేతృత్వంలో 2011 నుండి 2017 వరకు సాగిన ‘కాంప్‌మ్యూజిక్’ పరిశోధనలో కర్ణాటక సంగీతం ఒక ప్రధానాంశం. ఐఐటి మద్రాసు ఇందులో పాలుపంచుకొన్నది. ఈ పరిశోధనలో పాల్గొన్నవారు నెలకొల్పిన మ్యూజిక్‌ముని సంస్థ ‘రియాజ్’ అనే యాప్‌ను రూపొందించినది. విద్యార్థి పాడిన స్వరం పాఠంలోని స్వరంతో ఎంతవరకు కలిసినదో ఇది వెంటనే చూపిస్తుంది.

సరళీ స్వరాలు, అలంకారాల వంటి నిలకడ స్వరాల దశలో ఇటువంటి సాధనాలు బాగా ఉపయోగపడతాయి. శ్రుతి తప్పుతున్నట్లు తన చెవికి ఇంకా తెలియని పిల్లవానికి కంటితో చూసి దిద్దుకొనే అవకాశం కలుగుతుంది. గమకాలు వచ్చే దశలో ఇదే కొలత తప్పుదారి పట్టించగలదు. తోడి రాగంలో సాధారణ గాంధారాన్ని ఆ స్వరస్థానంలో నిలబెట్టి పాడరు. అది రిషభ మధ్యమాల మధ్య ఊగుతుంది. తెరపై గాంధారపు గీతతో సరిగా కలిసేటట్లు పాడితే అది తోడి అనిపించదు. బేగడ మధ్యమం, సహాన గాంధారం విషయంలోనూ ఇంతే. ఆరభి, దేవగాంధారి రాగాల ఆరోహణ అవరోహణలు ఒక్కటే అయినా గమకాలు, కాలప్రమాణం, విశేష ప్రయోగాల వలన అవి వేర్వేరు రాగాలుగా నిలుస్తున్నాయి. స్వరాలను మాత్రమే లెక్కించే యంత్రం ఈ రెండింటినీ వేరు చేయలేదు.

అంతర్జాలంలో సంగీత పాఠాలు

విస్తరణ

2003లో ప్రారంభమైన స్కైప్ (ఇది 2025 మే నెలలో మూతబడినది) ద్వారా హైదరాబాదు, విజయవాడ, చెన్నై నగరాలలోని ఉపాధ్యాయులు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలలోని శిష్యులకు పాఠాలు చెప్పడం మొదలైనది. 2005లో వచ్చిన యూట్యూబ్ పాత కచేరీలను, పాఠాలను అందరికీ అందించినది. కాలిఫోర్నియాలో 2016లో ఏర్పడిన యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్ర కర్ణాటక సంగీతంలో అంతర్జాల కోర్సులు నిర్వహిస్తున్నది. 2020 మార్చిలో కోవిడ్-19 లాక్‌డౌను విధించినప్పుడు, అంతవరకు ఈ పద్ధతికి దూరంగా ఉన్న ఉపాధ్యాయులు కూడా ఫోను ముందు కూర్చొని పాఠం చెప్పవలసి వచ్చినది. కచేరీలు, పెళ్ళి మేళాలు ఆగిపోయిన ఆ రోజులలో ఎందరో కళాకారులకు ఈ పాఠాలే జీవనాధారమైనాయి.

ఆలస్యం

అంతర్జాల పాఠాలలో ప్రధానమైన అడ్డంకి ఆలస్యం. గాలిలో ధ్వని 10 మిల్లీసెకన్లలో సుమారు 3.4 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదురుగా కూర్చున్న గురుశిష్యుల మధ్య ఆలస్యం అంతకంటె తక్కువే. ఆలస్యం సుమారు 30 మిల్లీసెకన్లు దాటితే లయ చెడకుండా కలిసి వాయించడం కష్టమని ప్రయోగాలలో తేలినది. ఆప్టికల్ ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుండి న్యూజెర్సీకి దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. మరే ఇతర ఆలస్యం లేకున్నా వెళ్ళడానికి 65, తిరిగి రావడానికి 65, మొత్తం 130 మిల్లీసెకన్లు పడుతుంది. ధ్వనిని కుదించడం, విప్పడం, దారిలో నిలుపుదల కలిపితే ఇది తరచు 300 మిల్లీసెకన్లు దాటుతుంది. సెకనుకు ఒక క్రియ చొప్పున ఆది తాళం వేస్తే మూడవ కాలంలో ఒక్కొక్క స్వరానికి 250 మిల్లీసెకన్లు మాత్రమే వస్తుంది. అనగా గురువు తాళం వేస్తుంటే శిష్యుని స్వరం ఒక స్వరానికి పైగా వెనుకబడి గురువుకు వినిపిస్తుంది. కాంతి వేగం మారదు కనుక, ఎంత మంచి అంతర్జాలం ఉన్నా ఖండాంతరాల మధ్య గురుశిష్యులు గొంతు కలిపి పాడడం సాధ్యం కాదు.

అందుచేత అంతర్జాల పాఠం ‘నేను పాడతాను, తరువాత నీవు పాడు’ అన్న పద్ధతిలో సాగుతుంది. తాళం శిష్యుడే వేసుకోవాలి. గురువుతో కలిసి పాడుతూ తెలియకుండానే గొంతు, ఊపిరి, నడక పట్టుకొనే అవకాశం ఇందులో తగ్గిపోతుంది.

శబ్ద నాణ్యత

వీడియో కాల్ సేవలు మాటల కోసం తయారైనవి. ఎడతెగకుండా ఒకే విధంగా మ్రోగే ధ్వనిని అవి ఫ్యాను చప్పుడు వంటిదిగా భావించి అణచివేస్తాయి. ఆ విధంగా మొదట మాయమయ్యేది తంబుర నాదమే. దీర్ఘంగా నిలిపిన తార షడ్జం కూడా మధ్యలో తెగిపోతుంది. జూమ్ వంటి సేవలలో శబ్దాన్ని మార్చకుండా పంపే అమరిక ఉన్నది. దీనిని వాడినప్పుడు ప్రతిధ్వని రాకుండా ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవలసి ఉంటుంది. ఇరువైపులా ఒకే శ్రుతిలో వేరువేరు తంబురలు పెట్టుకోవడం మరొక పద్ధతి.

ప్రయోజనాలు

* సంగీత కళాశాలలు, విద్వాంసులు లేని గ్రామాలలోని విద్యార్థులకు కూడా మంచి సంగీతం వినే అవకాశం కలిగినది.
* గతించిన విద్వాంసుల పాఠాంతరాలను వారి గొంతులోనే వినవచ్చు.
* చూపు లేని విద్యార్థులకు స్వరలిపి పుస్తకం లేకుండానే పాఠాన్ని పదేపదే వినే సౌకర్యం ఏర్పడినది.
* తన పాటను రికార్డు చేసి వినడం వలన విద్యార్థి తన తప్పును తానే గుర్తించగలడు.
* గురువు ఊరు మారినా, శిష్యుడు దేశం మారినా పాఠం ఆగదు.

పరిమితులు, అభ్యంతరాలు

యంత్రం ద్వారా నేర్చుకోవడంపై సంగీతజ్ఞులలో కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. వాటిలో మొదటిది పాఠాంతరానికి సంబంధించినది. ఒక కృతికి అంతర్జాలంలో పదుల సంఖ్యలో రికార్డింగులు దొరుకుతాయి. ఒకరి నుండి ఒక సంగతి, మరొకరి నుండి మరొక సంగతి తీసుకొన్న విద్యార్థి పాటలో సంగతుల వరుస క్రమం చెడుతుంది. కృతిలో ఒక్కొక్క సంగతి ముందరి దాని నుండి పెరుగుతూ పోతుంది. ఈ పెరుగుదల ఒక్కొక్క పరంపరలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఇందుకు భిన్నంగా, ప్రసిద్ధమైన ఒక్క రికార్డింగునే అందరూ అనుకరించడం వలన తక్కిన పాఠాంతరాలు మరుగునపడుతున్నాయి. గురువు వద్ద తప్ప ఎక్కడా రికార్డు కాని పాఠం ఆ గురువుతోనే పోతుంది.

రెండవది సాహిత్యం. త్యాగరాజు కృతులు అత్యధికం తెలుగులోనే ఉన్నవి. తెలుగు తెలియని వారు పాడిన రికార్డింగులలో పదాలను తప్పుగా విరవడం, ఒత్తులు జారడం కనిపిస్తుంది. చెవితో మాత్రమే నేర్చుకొన్న విద్యార్థి, తెలుగువాడైనప్పటికీ, ఆ తప్పులనే తిరిగి పాడుతుంటాడు. దీనికి పరిష్కారం యంత్రంలో లేదు; సాహిత్యాన్ని ముందుగా చదివి, అర్థం తెలుసుకోవడమే మార్గం.

మూడవది శరీరానికి సంబంధించినది. వీణ, వయొలిన్ నేర్చుకొనేవారి వేలి ఒత్తిడి, కమాను పట్టు, కూర్చొనే తీరు ఒక్క కెమెరా నుండి పూర్తిగా కనిపించవు. గాత్రంలో దవడ బిగించి పాడడం, గొంతుపై ఒత్తిడి పెట్టడం వంటి దోషాలను ఫోను మైకు పట్టుకోలేదు. ఇవి అలవాటుగా మారిన తరువాత మాన్పడానికి చాలా కాలం పడుతుంది.

నాలుగవది చట్టానికి సంబంధించినది. త్యాగరాజు (1767-1847) మొదలైన వాగ్గేయకారుల కృతులపై కాపీహక్కులు లేవు. కానీ వాటిని పాడిన రికార్డింగులపై హక్కులు ఉంటాయి. భారత కాపీహక్కుల చట్టంలో 1994 సవరణ ద్వారా ప్రదర్శకుల హక్కులు చేరాయి. గురువు చెప్పిన పాఠం రికార్డును ఆయన అనుమతి లేకుండా అంతర్జాలంలో ఉంచడం మర్యాదకే కాక హక్కులకు కూడా సంబంధించిన విషయం.

ఆచరణలో ఉన్న పద్ధతులు

సాంకేతిక సాధనాలను వాడే ఉపాధ్యాయులు సాధారణంగా ఈ క్రింది పద్ధతులను పాటిస్తున్నారు.

* ప్రారంభ పాఠాలు వీలైనంతవరకు ఎదుట కూర్చోబెట్టి చెప్పి, స్వరస్థానాలు కుదిరిన తరువాత అంతర్జాల పాఠాలకు మారడం.
* కొత్త కృతికి ముందుగా సాహిత్యం చదివించి, తరువాత తమ గొంతుతో పంక్తి పంక్తిగా రికార్డు చేసి పంపడం.
* శిష్యుడు తాళం వేస్తూ పాడిన రికార్డును పాఠానికి ముందే తెప్పించుకొని విని, పాఠ సమయాన్ని దిద్దడానికి కేటాయించడం.
* ఒక పాఠాంతరం పూర్తిగా వచ్చేవరకు ఇతర రికార్డింగులు అనుకరించవద్దని చెప్పడం. వచ్చిన తరువాత వాటిని వినమని ప్రోత్సహించడం.
* వారానికి ఒకసారి అయినా ఏ యంత్రమూ లేకుండా, తంబుర మాత్రమే తోడుగా పాడించడం.
* విదేశాలలోని శిష్యులు సెలవులలో వచ్చినప్పుడు కొన్ని వారాలు ఎదుట కూర్చోబెట్టి నేర్పడం.

ఇవి కూడా చూడండి

* కర్ణాటక సంగీతం
* గమకం
* తంబుర
* సంగీత సంప్రదాయ ప్రదర్శిని
* ఆకాశవాణి విజయవాడ కేంద్రం
* ఓలేటి వెంకటేశ్వర్లు